ల్యాబ్ తాళాలు తీయించండి: ఇంటర్ విద్యాధికారులకు, జూనియర్ కాలేజీల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఇంటర్మీడియట్ విద్యాధికారులకు, ప్రభుత్వ, ప్రైవేటు జూనియర్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, యాజమాన్యాలకు నమస్కారం.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ని. సర్వీసులో ఉండగా ప్రాక్టికల్ పరీక్షలకు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వేరే కాలేజీలకు వెళ్తుండేవాణ్ని. అక్కడ చూసినవాటిని అప్పట్లోనే రాతపూర్వకంగా పైకి పంపాను. రిటైరయ్యాక సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ కూడా ఇచ్చాను. సంబంధిత అధికారికి పంపామన్న రసీదు ఒకటి చేతిలో పెట్టారు. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

నా మాటలు ఇంజనీరింగ్ చదువుకు వ్యతిరేకం అనుకోవద్దు. ఎంపీసీలో చేరే పిల్లల్లో ఎక్కువమంది ఇంజనీర్లే కావాలనుకుంటారు, కానివ్వండి. కానీ ప్రతి ఊళ్లో, ప్రతి బ్యాచ్‌లో ఫిజిక్స్ కోసమే ఫిజిక్స్ కావాలనుకునే పిల్లలు ఒకరిద్దరు ఉంటారు. పాడైన ఫ్యాన్ రెగ్యులేటర్ పారెయ్యకుండా విప్పి చూసేవాళ్లు, గ్రహణం రోజు ఇంట్లో తిట్లు తింటూనే అట్టముక్కకు చిల్లు పెట్టి నేల మీద సూర్యుణ్ని చూసేవాళ్లు. పదహారు, పదిహేడేళ్ల వయసులో ఆ పిల్లల్ని మన కాలేజీలు ఏం చేస్తున్నాయన్నదే ఈ లేఖ.

నేను చూసిన సంగతులు ఇవి.

1. ప్రాక్టికల్స్ జరగడం లేదు. రికార్డులు మాత్రం జరుగుతున్నాయి.

ఇన్నేళ్లుగా ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌కు 30 మార్కులు. చాలా ప్రైవేటు కాలేజీల్లో ఈ 30 మార్కులు పిల్లల సొంత ఆస్తి కింద లెక్క. ల్యాబ్ తాళం తెరిచేది సంక్రాంతి సెలవుల తర్వాతే. ఆ నాలుగు రోజుల్లో రికార్డు నింపడం, దానికి అట్ట వేయడం, సంతకాలు చేయించడం, అంతే. నేను ఎగ్జామినర్‌గా వెళ్లిన ఒక కాలేజీలో పరీక్షకు గంట ముందు వేరే బ్రాంచి నుంచి ఆటోలో సామాను దిగింది. మీటర్ బ్రిడ్జి తీగ తెగి ఉంది. బల్ల మీద పెట్టిన స్క్రూ గేజీని ఒక అబ్బాయి ఎటువైపు తిప్పాలో తెలియక నా ముఖం వంక చూశాడు. అతని రికార్డులో అదే స్క్రూ గేజీతో కొలిచిన తీగ మందం మిల్లీమీటరులో వందో వంతు దాకా రాసి ఉంది, శూన్యాంశ దోషం సవరించి మరీ.

లఘులోలకం సంగతి కాస్త వివరంగా చెప్పనివ్వండి. ఆ ఒక్క ప్రయోగం చాలు, మొత్తం వ్యవహారం అర్థమవుతుంది. మీటరు పొడవున్న లోలకం 20 డోలనాలు చేయడానికి సుమారు 40 సెకన్లు పడుతుంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో ఎంత చురుకైన చెయ్యి అయినా 0.2 సెకను అటూ ఇటూ అవుతుంది. ఆ కాస్త తేడాకే గురుత్వ త్వరణం విలువ ఒక శాతం, అంటే సెకను వర్గానికి దాదాపు 10 సెంటీమీటర్లు మారిపోతుంది. కాబట్టి 60 మంది పిల్లలు నిజంగా దారం కట్టి, గుండు ఊపి, లెక్కపెట్టి ఉంటే ఒకరికి 968 రావాలి, ఇంకొకరికి 991 రావాలి. నేను తిరగేసిన రికార్డుల్లో అందరికీ 980. చిల్లర కూడా ఒకటే. పైగా మన తెలుగు నేల మీద అసలు విలువ 978 చిల్లర, ఎందుకంటే భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ ఆ విలువ తగ్గుతుంది. పుస్తకంలో ఉన్న 980 మన ఊరి విలువ కాదని కనిపెట్టే అవకాశం పిల్లలకు ఎప్పుడొస్తుంది? ఎంత జాగ్రత్తగా చేసినా ఈ దారం, ఈ స్టాప్‌వాచ్‌తో ఆ రెండు సెంటీమీటర్ల తేడా తేలదని, అది తేల్చాలంటే ఏం మార్చాలని ఆలోచించే అవకాశం ఎప్పుడొస్తుంది? ఫిజిక్స్ మొదలయ్యేదే అక్కడ.

పరీక్ష హాల్లో నాకు ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్న, "సార్, ఎంత రావాలి?" అన్నది. పట్టకం (ప్రిజం) ముందు నిలబడి, ఇంకా ఒక్క గుండుసూది కూడా గుచ్చకముందే ఒకమ్మాయి అడిగింది. తెలివైన పిల్ల. థియరీలో ఏది అడిగినా టకటకా చెప్పింది. కొలవడమంటే ముందే తెలిసిన జవాబు దగ్గరికి చేరుకోవడం అని ఆ పిల్లకు మనమే నేర్పాం.

2. లెక్కలూ ఫిజిక్సూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు.

ఫస్టియర్ మొదటి నెలల్లోనే ఫిజిక్స్ లెక్చరర్ తక్షణ వేగం చెప్పాలి. దానికి అవకలనం (డిఫరెన్షియేషన్) కావాలి. లెక్కల క్లాసులో అది ఎప్పుడో ఏడాది చివరకు వస్తుంది. మారే బలం చేసిన పని కనుక్కోవాలంటే సమాకలనం (ఇంటిగ్రేషన్) కావాలి, అది సెకండియర్ సరుకు. మధ్యలో పిల్లలు చేసేది బట్టీ. సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా నెలల తరబడి దానితో లెక్కలు చేస్తారు. తర్వాత లెక్కల మాస్టారు సమాకలనం చెప్పేనాటికి ఫిజిక్స్‌లో ఆ పాఠం అయిపోయి, మళ్లీ వెనక్కి తిరిగి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. సిలబస్‌లు మారినప్పుడల్లా అధ్యాయాలు తీశారు, పెట్టారు. వరస గురించి మాత్రం రెండు సబ్జెక్టుల వాళ్లనూ ఒక గదిలో కూర్చోబెట్టి అడిగినవారిని నేను చూడలేదు.

3. వేగమే చదువైపోయింది.

ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్నకు నిమిషం పైన కొన్ని సెకన్లు. ఆ పరీక్షకు ఆ పద్ధతి సరేననుకుందాం. కానీ రెండేళ్లపాటు ప్రతి రోజూ, ప్రతి సబ్జెక్టూ అదే నిమిషం లెక్కన నడిపితే, ఒక సమస్య మీద రెండు రోజులు కూర్చునే అలవాటు ఉన్న పిల్లవాడు తరగతిలో మొద్దు అనిపించుకుంటాడు. ఫిజిక్స్ చేయబోయేవాడికి కావలసింది సరిగ్గా ఆ అలవాటే. వారం వారం టెస్టులు, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చడం, ఆ టెన్షన్‌లో వాడు ముందు వదిలేసేది ప్రశ్నలడగడం.

4. దారులున్నాయని ఎవరూ చెప్పడం లేదు.

నా అర్జీలో ఎక్కువ భాగం ఈ విషయం మీదే రాశాను. తిరుపతి దగ్గర ఏర్పేడులో ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థ ఉంది, 2015లో మొదలైంది. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్, మొదటి సెమిస్టర్ నుంచే ల్యాబ్. దేశంలో ఇలాంటివి ఏడు ఉన్నాయి. వాటిలో సీటు ఐఏటీ అనే పరీక్షతో వస్తుంది. భువనేశ్వర్‌లో నైసర్ అనే మరో సైన్స్ సంస్థ, ముంబైలో అణుశక్తి విభాగం, ముంబై విశ్వవిద్యాలయం కలిసి నడిపే మౌలిక శాస్త్రాల కేంద్రం ఉన్నాయి, వాటికి నెస్ట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)లో నాలుగేళ్ల పరిశోధన డిగ్రీ ఉంది. ఈ పేర్లు రెండేళ్ల ఇంటర్‌లో ఒక్కసారి కూడా వినని ఎంపీసీ పిల్లలు వేలల్లో ఉంటారని నా అంచనా. అది అతిశయోక్తి అనిపిస్తే మీ జిల్లాలోనే ఏదో ఒక కాలేజీకి వెళ్లి సెకండియర్ క్లాసులో అడిగి చూడండి.

ఈఏపీసెట్, జేఈఈ దరఖాస్తులు కాలేజీలే దగ్గరుండి పెట్టిస్తాయి. ఐఏటీ దరఖాస్తు గురించి నోటీసు బోర్డులో చిన్న చీటీ కూడా ఉండదు. కారణం తెలిసిందే. హోర్డింగ్ మీద వేసుకోవడానికి అది పనికిరాదు. ఐఏటీలో 60 ప్రశ్నలుంటే 15 బయాలజీ. మన ఎంపీసీ పిల్లల బయాలజీ పదో తరగతితో ఆగిపోతుంది. ఈ సంగతి ఫస్టియర్‌లోనే తెలిస్తే కనీసం తేలికైన అధ్యాయాలు చూసుకుంటారు. పరీక్షకు వారం ముందు ఏ బంధువుల అబ్బాయి ద్వారానో తెలిస్తే ఏం చేయగలరు?

ఒలింపియాడ్‌దీ అదే కథ. అంతర్జాతీయ ఫిజిక్స్ పోటీకి దేశంలో పెట్టే పరీక్షల్లో మొదటి మెట్టు ఎన్‌ఎస్ఈపీ, సాధారణంగా నవంబర్‌లో జరుగుతుంది. హాస్టల్‌లో ఉండే పిల్లవాడు ఆ ఒక్క రోజు బయటికి వెళ్లి పరీక్ష రాయడానికి అనుమతి దొరకదు, ఎందుకంటే ఆ రోజు కాలేజీలో వీక్లీ టెస్టు. ఒలింపియాడ్ కోసమే ప్రత్యేక బ్యాచ్‌లు నడిపే కాలేజీల పిల్లలు వెళ్తున్నారు, పతకాలూ తెస్తున్నారు, సంతోషం. మామూలు బ్రాంచిలో, మామూలు ఫీజు కట్టిన పిల్లవాడి గురించి నేను అడుగుతున్నాను. ఇంకో సంగతి. అంతర్జాతీయ ఫిజిక్స్ ఒలింపియాడ్‌లో మొత్తం 50 మార్కుల్లో 20 ప్రయోగానికే. ఐదు గంటలు ల్యాబ్‌లో నిలబడి చేయాలి. ప్రపంచం ఫిజిక్స్‌ను అలా చూస్తుంటే, మనం 30 మార్కుల్ని పప్పుబెల్లాల్లా పంచిపెడుతున్నాం.

5. నష్టం ఎవరికి?

డబ్బున్న ఇంటి పిల్లవాడికి ఇంటర్నెట్ ఉంది, చదువుకున్న బాబాయి ఉన్నాడు, హైదరాబాద్‌లో ట్యూషన్ ఉంది. దారి తెలియక ఆగిపోయేది కౌలు రైతు కూతురు, ఆర్టీసీ కండక్టర్ కొడుకు. "ఫిజిక్స్ చదివి ఏం చేస్తావమ్మా, టీచర్ అవుతావా?" అని ఇంట్లో అడిగితే చెప్పడానికి ఆ పిల్ల దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ సంగతే తీసుకోండి. బోర్డు పరీక్షల్లో మొదటి ఒక శాతంలో ఉండి మౌలిక శాస్త్రాల డిగ్రీలో చేరినవాళ్లకు ఏటా 80,000 రూపాయల దాకా అందించే పథకం అది. పేద ఇంట్లో ఈ ఒక్క అంకె తల్లిదండ్రుల మనసు మారుస్తుంది. ఆ ఒక శాతం గీత ఎన్ని మార్కుల దగ్గరుందో ఫలితాల రోజున పిల్లలకు ఎవరు చెబుతున్నారు? పదకొండో తరగతి నుంచే సైన్స్ పిల్లల్ని వెతికి పట్టుకున్న కేవీపీవై పరీక్ష 2022లో ఆగిపోయింది. అంటే ఇంటర్ దశలో ఆసరా మరింత తగ్గింది. ఆ ఖాళీని పూడ్చాల్సిన బాధ్యత కాలేజీ మీద, మీ మీద పెరిగింది.

అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం గారు హైదరాబాద్‌లో నిజాం కాలేజీలో చదివి, ఇరవై ఏళ్లు నిండకముందే కలకత్తా వెళ్లి రామన్ దగ్గర పనిలో చేరారు. తర్వాత బెంగళూరు ఐఐఎస్సీకి డైరెక్టర్ అయ్యారు. ఇవాళ ఆగిరిపల్లి పిల్లవాడికి కాలేజీలో పరికరాల మీద చెయ్యి వేసే అవకాశమైనా దక్కుతోందా అన్నది మీరే చూసి చెప్పండి.

6. ప్రభుత్వ కాలేజీల్లో తాళం వేరు.

అక్కడ గది ఉంటుంది, బీరువా ఉంటుంది, కొన్నిచోట్ల ప్రైవేటు వాళ్ల దగ్గర లేని మంచి పాత పరికరాలూ ఉంటాయి. ల్యాబ్ అటెండర్ ఉండడు. బ్యాటరీ ఎలిమినేటర్ కాలిపోతే కొనడానికి పద్దు ఉండదు. గెస్ట్ లెక్చరర్‌కు పీరియడ్ లెక్కన జీతం, అదీ ఆలస్యంగా. ఆయన సాయంత్రం ఆగి ప్రయోగాలు చేయించాలని ఏ నోటితో అడుగుతాం?

యాజమాన్యాలవారి జవాబు నాకు తెలుసు. "తల్లిదండ్రులు ర్యాంకులే అడుగుతున్నారు, ల్యాబ్ గురించి ఎవరడిగారు?" అంటారు. నిజమే, అడగడం లేదు. మీ బ్రోషర్‌లో ల్యాబ్ ఫొటో వేస్తున్నారు కాబట్టి ఉందనే అనుకుంటున్నారు. ఫీజు రసీదులో ల్యాబ్ ఫీజు అని కూడా కొన్నిచోట్ల ఉంటుంది. తీసుకున్న డబ్బుకు సరుకు ఇవ్వమనే అడుగుతున్నాను.

నా తోటి లెక్చరర్లకు కూడా ఒక మాట. మీ మీద సిలబస్ ఒత్తిడి, టార్గెట్ల ఒత్తిడి ఎంతో నాకు తెలియనిది కాదు. రికార్డులో 968 వేసిన పిల్లవాడి మార్కులు కోయకండి. ఆ అంకె పక్కన "బాగా చేశావు, ఎందుకు తేడా వచ్చిందో రాయి" అని మీ చేత్తో ఒక్క వాక్యం రాయండి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక మీ ముందు పెడుతున్న కోరికలు.

1. ఫస్టియర్ జూన్ నుంచే వారానికి కనీసం రెండు పీరియడ్లు ల్యాబ్‌కు కేటాయించాలి. ఏ రోజు ఏ బ్యాచ్ ఏ ప్రయోగం చేసిందో రిజిస్టర్‌లో రాసి పిల్లలతో సంతకం చేయించాలి. తల్లిదండ్రులు అడిగితే చూపించాలి.

2. ప్రాక్టికల్ పరీక్షను జంబ్లింగ్ పద్ధతిలో వేరే కాలేజీలో, లాటరీలో వచ్చిన ప్రయోగంతో నిర్వహించాలి. జంబ్లింగ్ మాట ఎత్తినప్పుడల్లా యాజమాన్యాల సంఘాలు అడ్డుపడటం కొత్త కాదు. సొంత ల్యాబ్‌లో ఏడాదంతా చేయించినవారికి భయమెందుకు?

3. మార్కులు పుస్తకం విలువకు ఎంత దగ్గరగా వచ్చిందన్నదాన్ని బట్టి వేయడం మానాలి. కొలతల పట్టిక, గ్రాఫు, దోషాల అంచనా, రెండు ప్రశ్నలకు నోటి జవాబు, వీటికి వేయాలి. ఎగ్జామినర్లకు ఈ మేరకు లిఖిత సూచనలు ఇవ్వాలి. ఒకే కాలేజీ రికార్డులన్నింటిలో ఒకే చిల్లర కనిపిస్తే దాన్ని కాపీగానే చూడాలి.

4. గుర్తింపు పొడిగించే ముందు తనిఖీ ముందస్తు కబురు లేకుండా సెప్టెంబర్‌లోనో అక్టోబర్‌లోనో జరగాలి. సామాను అద్దెకు తెచ్చుకోవడానికి వ్యవధి ఇచ్చాక చేసేదాన్ని తనిఖీ అనరు.

5. ఫస్టియర్ మొదటి నెలలో లెక్కలు, ఫిజిక్స్ అధ్యాపకులు కలిసి అవకలనం, సమాకలనం, సదిశలు (వెక్టర్లు) అవసరమైనంత మేరకు ముందే చెప్పేలా బ్రిడ్జి కోర్సు పెట్టాలి. రెండు మూడు వారాలు చాలు.

6. ప్రతి జూనియర్ కాలేజీ నోటీసు బోర్డులో ఐఏటీ, నెస్ట్, ఎన్‌ఎస్ఈపీ, ఐఐఎస్సీ దరఖాస్తు తేదీలు తప్పనిసరిగా ఉండాలి. ఎన్‌ఎస్ఈపీ రాసే పిల్లవాడికి ఆ రోజు అవుటింగ్ హక్కుగా ఇవ్వాలి. తగినంత మంది పిల్లలుంటే కాలేజీయే కేంద్రంగా నమోదు చేసుకునే వీలుంది, వాడుకోవాలి.

7. ఫలితాలతోపాటే ఒక శాతం గీత మార్కులు ప్రకటించి, ఆ గీత దాటిన ప్రతి సైన్స్ విద్యార్థికీ ఇన్‌స్పైర్ గురించి తెలుగులో సమాచారం పంపాలి.

8. ప్రభుత్వ కాలేజీల్లో ల్యాబ్ అటెండర్ ఖాళీలు నింపాలి, చిన్న రిపేర్లకు ప్రిన్సిపాల్ చేతిలో కొంత పద్దు ఉంచాలి. పెద్ద ఖర్చు లేకుండా ఇవాళే చేయగలిగింది కూడా ఒకటుంది. జర్మనీలో ఆకెన్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌తో ఫోన్‌లోని సెన్సర్లే పరికరాలవుతాయి. రెండు ఫోన్లు, ఒక పొడవాటి వరండా ఉంటే చప్పట్లు కొట్టి ధ్వని వేగం కొలవచ్చు. ఫోన్ నిషేధం అవసరమే, దాన్ని తప్పుపట్టను. ల్యాబ్ బీరువాలో తాళం వేసి రెండు పాత ఫోన్లు ఉంచడానికి ఆ నిషేధం అడ్డు కాకూడదు.

9. ఏడాదికి ఒక్కసారైనా పిల్లల్ని నిజమైన ఫిజిక్స్ జరిగే చోటికి తీసుకెళ్లాలి. తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణాన్ని కొలిచే పెద్ద ఎంఎస్‌టీ రాడార్ ఉంది. హైదరాబాద్ గోపన్‌పల్లిలో టీఐఎఫ్ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ) కేంద్రం ఉంది. ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం రోజున చాలా సంస్థలు పిల్లల కోసం తలుపులు తెరుస్తాయి. మన ఇంటర్ పిల్లలకు సరిగ్గా అప్పుడే పబ్లిక్ పరీక్షలు ముంచుకొస్తాయి. కాబట్టి ఫస్టియర్ దసరాకు ముందు ఒక రోజు కేటాయించి, ఆ సంస్థలకు అధికారికంగా లేఖ రాస్తే సరిపోతుంది. ఆ లేఖ మీ కార్యాలయం నుంచి వెళ్తే దానికుండే విలువ వేరు.

ఇందులో మొదటి, మూడో, ఆరో కోరికలకు బడ్జెట్ కూడా అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. వచ్చే జూన్‌లో కాలేజీలు తెరిచేలోపు ఆ సర్క్యులర్ ఇవ్వగలరా లేదా, ఇవ్వలేకపోతే ఎందుకో, బహిరంగంగా జవాబు చెప్పమని కోరుతున్నాను. నా పాత అర్జీ రసీదు, ఎగ్జామినర్‌గా నేనిచ్చిన నివేదికల నకళ్లు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఎప్పుడు పిలిచినా పట్టుకొస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జూనియర్ లెక్చరర్, ఫిజిక్స్